ఏడాది రాష్ట్రానికి రేవు అధికారి

బ్లాసియుస్ గుంటర్ట్ ముంఫ్ రేవులో పడవ నడిపేవాడు. వాళ్ళ నాన్నా నడిపాడు, తాతా నడిపాడు. ఊళ్ళో అందరూ అతన్ని బ్లేసి అనే పిలిచేవారు. రైను నదిని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి, ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకి దాటడం తప్ప అతను ఎక్కడికీ పోయినవాడు కాదు. "నేనెక్కడికీ పోలేదు గానీ దేశాలే నా దగ్గరికొచ్చి పోయాయి" అని ముసలితనంలో సత్రంలో కూర్చుని చెప్పుకునేవాడు. పుట్టినప్పుడు వియన్నా చక్రవర్తి మనిషి. యుద్ధం వచ్చాక మూడేళ్ళు ఫ్రెంచివాళ్ళ మనిషి. వాళ్ళు అతని రెండు పడవల్లో ఒకదాన్ని వంటచెరకు చేసుకున్నారు, ఆవును తినేశారు, పోతూ పోతూ చిక్కుడు పాదు కూడా పీక్కుపోయారు. ఆ తర్వాత ఒక చలికాలంలో, పద్దెనిమిది వందల రెండులో, కబురొచ్చింది: ఇకనుంచి ఈ ఒడ్డంతా ఫ్రిక్‌టాల్ అనే సొంత రాష్ట్రం, అవతలి ఒడ్డు పరాయి దేశం.

ఈ రాష్ట్రం ఎంత చిన్నదంటే, మంచి గుర్రం ఉన్నవాడు పొద్దున బయలుదేరితే చీకటి పడేలోగా చుట్టి వచ్చి అన్నానికి కూర్చోవచ్చు. బ్లేసికి గుర్రం లేదు కాబట్టి అది అతనికి పెద్ద దేశంగానే కనపడింది.

మంచు కరిగే రోజుల్లో ఒబ్రిస్ట్ అనే గుమాస్తా చంకలో తోలుసంచీ పెట్టుకుని రేవుకి వచ్చాడు. సన్నగా, ముక్కు చివర ఎప్పుడూ ఒక నీటిబొట్టు వేలాడుతూ ఉండే మనిషి.

"అవతలి నుంచి వచ్చేవాళ్ళ చీటీలు చూసి లోపలికి పంపడానికి ఒక మనిషి కావాలోయ్. రేవు అధికారి అంటారు. కోటు ఇస్తారు, టోపీ ఇస్తారు, చలికాలానికి కట్టెలు ఇస్తారు. అయితే చదువు రావాలి. నీకు వచ్చా?"

బ్లేసికి ఒక్క అక్షరం రాదు. తన పేరు రాయమంటే మూడు గీతలు గీసి, పక్కన పడవ బొమ్మ వేస్తాడు. కానీ గుమాస్తా చేతిమీద ఆ కోటు వేలాడుతోంది. ఆకుపచ్చ రంగు, ఎత్తు కాలరు, రెండు వరసల గుండీలు. దాన్ని చూస్తూ బ్లేసి, "చదువా? ఎందుకు రాదండీ?" అన్నాడు. తన జన్మలో ఆడిన పెద్ద అబద్ధాలన్నిట్లోకీ అదే మొదటిదనీ, దాన్ని ఆడించింది తను కాదు, ఆ కాలరనీ తర్వాత చెప్పేవాడు.

ఒబ్రిస్ట్ సంచీలోంచి ఒక అచ్చుకాగితం తీసి ఇచ్చాడు. "ఏదీ, చదువు."

బ్లేసి కాగితాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. రేవు గుమాస్తా రేవు మనిషికి ఇచ్చే కాగితం రేవు నిబంధనలు కాక మరేమవుతుంది? ఆ నిబంధనల్ని దండోరావాడు ముప్పై ఏళ్ళుగా ఏటేటా ఇదే గట్టు మీద నిలబడి చదవగా విన్నవాడు అతను. గొంతు సవరించుకుని అందుకున్నాడు: "పడవలో ఆరుగురికి మించి మనుషులు ఎక్కరాదు. ఎద్దులు రెండుకు మించరాదు. తాగినవాడు అంచున కూర్చోరాదు…" చివరి దాకా గడగడా వల్లించేశాడు. మధ్యలో నిజంగా చదువుతున్నట్టు ఉండాలని ఒకచోట ఆగి, కాగితాన్ని కళ్ళకి దగ్గరగా కూడా తెచ్చుకున్నాడు.

ఒబ్రిస్ట్ ముక్కు తుడుచుకున్నాడు. "బావుంది. కోటు తీసుకో."

ఇంటికొచ్చాక భార్య క్రెసెంజ్ కోటును దీపం దగ్గర తిప్పి చూసింది. అందరూ ఆమెను జెంజి అనేవారు. చిన్నప్పుడు అవతలి ఒడ్డున సెకింగెన్ కన్యాశ్రమంలో నాలుగేళ్ళు బట్టలుతుకుతూ, అక్కడి అమ్మల దగ్గర చదవడం నేర్చుకుంది. "ఏమయ్యా, గుండీల మీద ఇంకా చక్రవర్తి గద్ద బొమ్మే ఉంది. ఇది పాత అడవి జవాను కోటు." తర్వాత గుండీలన్నిటికీ గుడ్డ చుట్టి కుట్టేసింది. ఉద్యోగం ఎలా వచ్చిందో మాత్రం ఆమె అడగలేదు, అతను చెప్పలేదు. ఆమె దగ్గర చదువు నేర్చుకోవచ్చునన్న ఆలోచన అతనికి రాలేదని కాదు. అధికారి కోటు వేసుకుని పెళ్ళాం ముందు అక్షరాలు దిద్దడం నామోషీ అనుకున్నాడు.

ఇక ఉద్యోగం. మొదటివారం చెమటలు పట్టాయి. చీటీల మీద ముద్రలు చూసి తల ఊపేవాడు. ఒక ముద్ర మీద పక్షి, ఇంకోదాని మీద ఈటె పట్టుకున్న ఆడమనిషి. ఆ ఆడమనిషి ఉన్నచోట కొంచెం ఎక్కువసేపు తల ఊపేవాడు. రెండో వారంలో ఒక ఉపాయం తోచింది. చీటీ అందుకుని, పైనుంచి కిందికి ఒకసారి చూసి, తిరిగి వాళ్ళ చేతికే ఇచ్చి, "మీరే చదవండి. బిగ్గరగా. దొంగచీటీ అయితే గొంతు తడబడుతుంది, నాకు తెలిసిపోతుంది" అనేవాడు.

జనం హడలిపోయారు. ముంఫ్ రేవులో ఒక అధికారి ఉన్నాడట, చీటీ చదవడట, మనిషిని చదువుతాడట అని రెండు ఒడ్లలోనూ పాకింది. సత్రంలో అతనికి గౌరవంగా గోడవైపు చోటు వదిలేవారు. బ్లేసి ఆ పేరును కోటు మీద ఇంకో కోటులా వేసుకుని తిరిగాడు.

అతనికి తెలియనిది ఒకటుంది. ఆ వేసవిలో అవతలివైపు నల్ల అడవి కొండల నుంచి గోడగడియారాలు మోసుకొచ్చిన ఒకడు చీటీ ఇంట్లో మరిచిపోయాడు. జేబులో ఉన్న కాగితమే తీసి ఇచ్చాడు. "చదువు" అన్నాడు బ్లేసి. వాడు కాగితాన్ని ఎత్తిపట్టుకుని, "గడియారాల వ్యాపారి, నమ్మకస్తుడు, పోనివ్వవలెను" అని గంభీరంగా చదివాడు. బ్లేసి వాడి గొంతును పరీక్షించి, నిజాయితీపరుడని తేల్చి, సలాము కూడా పెట్టి పంపాడు. ఆ కాగితం మీద ఉన్నది చెర్రీ సారాయి కాచే విధానం. అప్పటినుంచి అవతలి ఒడ్డు సత్రాల్లో ఇదొక వేడుక అయింది. పాత పంచాంగం పేజీతో వచ్చినవాడున్నాడు. గుర్రం విరేచనాలకి మందుచీటీతో వచ్చినవాడున్నాడు. ఒక నేతపని ఆవిడ తన చెల్లెలికి వచ్చిన ప్రేమలేఖతో వచ్చి, కళ్ళు దించకుండా "నూలు వ్యాపారం" అని చదివి వెళ్ళిపోయింది. అందరి గొంతులూ నిలకడగానే ఉన్నాయి. "మన రాష్ట్రంలోకి ఒక్క దొంగ కూడా రాలేదు" అని బ్లేసి సత్రంలో చెప్పుకునేవాడు. గోడవైపు చోటు వదిలినవాళ్ళలో కొందరు అప్పుడు గ్లాసులోకి చూస్తూ ఎందుకు దగ్గేవారో చాలాకాలం అతనికి అర్థం కాలేదు.

అదే ఏడు, కోటు వచ్చిన కొత్తలోనే, జెంజికి నెల తప్పింది. అంతకుముందు ఇద్దరు పుట్టి, పేరు పెట్టకముందే పోయారు. ఈసారి బ్లేసి రోజూ పొద్దున రేవుకి వెళ్ళేముందు ఆమె చేతిలోంచి నీళ్ళ బిందె లాక్కుని తనే మోసుకొచ్చేవాడు. మంత్రసాని వాల్‌బుర్గా అవతలి ఒడ్డున ఉంటుంది. డెబ్బై దగ్గరపడుతున్న మనిషి. బ్లేసిని ఈ లోకంలోకి లాగిన చేతులు కూడా ఆవిడవే. ఆకురాలే కాలంలో జెంజి సెకింగెన్ గుడికి మొక్కు తీర్చుకోవడానికి వెళ్ళినప్పుడు వాల్‌బుర్గా ఆమె పొట్ట మీద చెయ్యివేసి చూసి ఏమీ అనలేదు.

వారం తర్వాత ఒక మధ్యాహ్నం ఆవిడ పడవ దిగింది. ఆ రోజే రేవుని చూసి వెళ్దామని ఒబ్రిస్ట్ వచ్చి ఉన్నాడు. పడవలో ఇంకో నలుగురు ఉన్నారు. బ్లేసి కాలరు సర్దుకున్నాడు.

"చీటీ."

"ఏరా బ్లేసీ, ఒంట్లో బాగానే ఉందా? నా దగ్గర చీటీ ఏంటి? నీ పెళ్ళాన్ని చూడ్డానికొచ్చాను."

"ఇక్కడ నేను బ్లేసిని కాదత్తా, రేవు అధికారిని. కొత్త ఉత్తర్వు. చీటీ లేనివాళ్ళని రానివ్వను."

వాల్‌బుర్గా అతన్నీ, పక్కనున్న గుమాస్తానీ, వెనక నవ్వు ఆపుకుంటున్న నలుగుర్నీ చూసింది. ఏదో అనబోయి మానేసింది. నలుగురిలో అనే మాట కాదు. రవికలోంచి మడత కాగితం తీసింది. "ఇట్లా ఏమైనా అవుతుందనే మా ఫాదరు చేత రాయించుకొచ్చాను. ఇది నీకోసం. చదువు. చదివి చెప్పు, నేను రానా, వద్దా?"

"మీరే చదవండి" అన్నాడు బ్లేసి అలవాటుగా.

"నాకు కళ్ళు కనపడవు, పైగా ఇది పైకి చదివేది కాదు. నువ్వు చదువు."

ఒబ్రిస్ట్ చూస్తున్నాడు. బ్లేసి కాగితం విప్పి, పై నుంచి కింది దాకా మెల్లగా చూపు దింపాడు. ముద్ర లేదు. పక్షి లేదు, ఈటె లేదు. గొంతు వినే దారి లేనప్పుడు ముద్ర లేని కాగితం చెల్లదని మాత్రం తనకు గట్టిగా తెలుసు.

"చదివాను. ఇది చాలదు. నువ్వు రావద్దు."

ముసలావిడ ముఖం పాలిపోయింది. "చదివే ఆ మాట అంటున్నావా?"

"అధికారిగా అంటున్నాను."

ఆవిడ తిరిగి పడవెక్కింది. బ్లేసి తనే గెడ వేసి ఆవిడను అవతల దించి వచ్చాడు. దారంతా ఆవిడ అతని వంక చూడలేదు. సొంత మనిషికి కూడా మినహాయింపు ఇవ్వలేదని గుమాస్తా మెచ్చుకుంటాడేమోనని బ్లేసి చూశాడు. ఒబ్రిస్ట్ ముక్కు తుడుచుకుని వెళ్ళిపోయాడు.

మూడోరోజు ఆదివారం. జెంజి కోటు దులుపుతూ లోపలి జేబులో కాగితం చూసింది. పొయ్యి దగ్గర బార్లీ జావ తాగుతున్న బ్లేసికి ఆమె వెనక నుంచి చదవడం వినిపించింది. మామూలు గొంతుతో, ఊరి వార్త చదివినట్టు.

"బ్లాసియుస్‌కి. బిడ్డ అడ్డం తిరిగి ఉంది. జెంజికి ఇప్పుడే చెప్పి భయపెట్టకు. నేను వచ్చి కొన్నాళ్ళు దగ్గరుండి సరిచేయాలి. ఆలస్యమైతే ఇద్దరూ దక్కరు. రమ్మంటావా, వద్దంటావా, నీ నోటితో చెప్పు. వాల్‌బుర్గా."

బ్లేసి జావ గిన్నె కింద పెట్టాడు.

"ఎప్పుడొచ్చిందయ్యా ఇది?"

"గురువారం."

"నువ్వేం చెప్పావు?"

"వద్దన్నాను."

జెంజి బల్ల మీద కూర్చుంది. కాగితాన్ని మళ్ళీ మడతల వెంటే మడిచింది. తర్వాత, "నీకు చదువు రాదని నాకు పెళ్ళినాడే తెలుసు" అంది. "గుడి పుస్తకంలో నువ్వు పడవ బొమ్మ వేశావు. దానికి నేనెప్పుడైనా నవ్వానా? నా దగ్గర కూడా ఎందుకయ్యా ఈ వేషం?"

ఆమె తిట్టి ఉంటే బాగుండేదని తర్వాత అనేవాడు. ఆ ఒక్కచోట మాత్రం అతని కథలో నవ్వు ఉండేది కాదు.

కోటు వేసుకోకుండానే, ఆ ఉత్తరం ఒక్కటే చేత పట్టుకుని పరుగెత్తాడు. రేవులో ఎవరికీ చెప్పలేదు, తాళం వేయలేదు, రాష్ట్రం తలుపు బార్లా తెరిచి పెట్టి ఒంటరిగా గెడ వేశాడు. నది నిండుగా ఉంది, గాలి ఎదురు. అవతలి గట్టు మీద ఆ ఒడ్డు కాపలాదారు నిలబడి ఉన్నాడు. గుబురు మీసాల ముసలి సిపాయి. ఇన్ని నెలలుగా ఇద్దరూ నదికి చెరోవైపు నిలబడి ఒకరినొకరు చూసుకోవడమే తప్ప మాట్లాడుకున్నది లేదు.

"చీటీ!"

బ్లేసి దగ్గర ఉన్నది వాల్‌బుర్గా ఉత్తరమే. అదే ఇచ్చాడు. సిపాయి దాన్ని పైనుంచి కిందికి చూసి, తిరిగి అతని చేతికే ఇచ్చాడు.

"నువ్వే చదువు. బిగ్గరగా."

బ్లేసి అతని కళ్ళలోకి చూశాడు. "నాకు చదువు రాదన్నా" అన్నాడు. జన్మలో మొదటిసారి అన్నాడా మాట. "నా భార్య చచ్చిపోయేలా ఉంది. మంత్రసాని కోసం వచ్చాను."

సిపాయి అటూ ఇటూ చూశాడు. మీసం దువ్వుకుని, గొంతు తగ్గించి, "నాకూ రాదయ్యా. పో, పో, తొందరగా పో" అన్నాడు.

వాల్‌బుర్గా తలుపు తీసి, కోటు లేని బ్లేసిని చూసి, గుమ్మంలోనే అడ్డంగా నిలబడింది. చుట్టుపక్కల ఆడవాళ్ళు కిటికీల్లోంచి తొంగిచూశారు.

"అధికారి గారు దయచేశారే! వద్దని తమరే కదా సెలవిచ్చారు?"

"నేను చదవలేదత్తా. నాకు చదవడం రాదు. అందరూ వినండి, నాకు ఒక్క అక్షరం ముక్క రాదు. ఇన్నాళ్ళూ నాటకమాడాను."

ఒక కిటికీలోంచి ఎవరో, "మాకు తెలియదనుకున్నావా బ్లేసీ? మా ఆయన నీ రేవు దాటింది గుర్రం విరేచనాల చీటీతో!" అంది. వీధంతా గొల్లుమంది. ఆ నవ్వు మధ్యలోనే వాల్‌బుర్గా సంచీ భుజాన వేసుకుంది. "గాడిదవని నువ్వు పుట్టిన రోజే అనుకున్నాను. కాళ్ళు ముందు వచ్చాయి నీకు. నడు!"

ఆవిడ పదకొండు రోజులు వాళ్ళింట్లో ఉంది. నూనె చేత్తో రోజుకి నాలుగుసార్లు జెంజి పొట్టని నిమిరేది, ఒత్తేది, బిడ్డతో మాట్లాడేది, బ్లేసిని తిట్టేది. ఆరోరోజు బిడ్డ తిరిగింది. పదకొండోరోజు, పట్టపగలు, ఆడపిల్ల పుట్టింది. ఏడుపు రేవు దాకా వినిపించింది. ఒట్టీలియా అని పేరు పెట్టారు. పేరు పెట్టేదాకా బతికిన మొదటి బిడ్డ.

ఆ వారంలోనే బ్లేసి కోటు మడిచి చేత పట్టుకుని ఒబ్రిస్ట్ దగ్గరికి వెళ్ళాడు. ఉన్నదున్నట్టు చెప్పాడు. కోటు బల్ల మీద పెట్టాడు.

ఒబ్రిస్ట్ ఆశ్చర్యపోలేదు. "ఆ రోజు నీకు ఇచ్చింది రేవు నిబంధనలు కాదోయ్. పందులకి మచ్చల జబ్బు వస్తే ఏం చేయాలో చెప్పే నోటీసు. పొరపాటున చేతికొచ్చింది. నువ్వు దాంట్లోంచి ఎద్దులు రెండుకు మించరాదని చదివావు."

"మరి ఉద్యోగం ఎందుకిచ్చారు స్వామీ?"

"నీకంటే ముందు ముగ్గుర్ని అడిగాను. ముగ్గురికీ చదువొచ్చు. ఈ రాష్ట్రం ఏడాది నిలబడుతుందని ముగ్గురిలో ఒక్కడూ నమ్మలేదు. అడగ్గానే ఒప్పుకున్నవాడివి నువ్వొక్కడివే." కోటు తిరిగి అతని చేతిలో పెట్టాడు. "నేర్చుకో. ఈలోగా మీ ఆవిడను పక్కన కూర్చోబెట్టుకో."

ఆ చలికాలమంతా జెంజి ఒళ్ళో పిల్ల, పక్కన బ్లేసి, ఎదుట పాత చీటీల కట్ట. జెంజి సూది మొనతో ఒక్కో అక్షరం చూపించేది. అతనిది గెడ వేసే చెయ్యి కాబట్టి పలకపుల్లలు రోజుకి రెండు విరిచేవాడు. పాలు తాగుతున్న పిల్ల అతను ఒక మాట కూడబలుక్కునేలోగా నిద్రపోయేది. "నా చదువు వింటే నా కూతురికే ఆవలింత" అని వచ్చినవాళ్ళకి చెప్పేవాడు. సత్రంలో ఇప్పుడు గోడవైపు చోటు ఎవరూ వదలడం లేదు. "ఏం అధికారి గారూ, ఈ చీటీ గుర్రానికా మనిషికా?" అని అడిగేవారు. అతనూ నవ్వేవాడు. తమాషా ఏమిటంటే, అక్కడ కూర్చోవడం అతనికి మునుపటికంటే సుఖంగా ఉంది.

మార్చి నెలలో పెద్ద అచ్చుకాగితం వచ్చింది, రేవు తలుపు మీద కొట్టమని. పడవ కోసం పదిమంది నిలబడి ఉన్నారు. ఒబ్రిస్ట్ మనిషి చదవబోతుంటే బ్లేసి ఆపాడు. "ఉండండి. ఇది నేను చదువుతా."

చదివాడు. వేలు పెట్టి, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ. చలిగా ఉంది. జనం కాళ్ళు నేలకి కొడుతూ నిలబడ్డారు. ఒక ముసలాయన మధ్యలో కూర్చున్నాడు. "రా…ష్ట్రం" దగ్గర ఒక ఊపిరి, "ఆర్…గావు" దగ్గర ఒక ఊపిరి. "కలి…పివే…య…బడి…నది." చివరి చుక్క దాకా వచ్చి, తలెత్తి, చెమట తుడుచుకున్నాడు. ముఖం వెలిగిపోతోంది. ఒక్క తప్పు లేదు. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు.

పిల్లని ఎత్తుకుని నిలబడిన జెంజి అడిగింది. "ఏమయ్యా, ఏం చదివావో తెలిసిందా?"

అక్షరాలు పట్టుకునే హడావుడిలో అర్థం వెనకబడిపోయింది. అతను మళ్ళీ కాగితం వైపు తిరిగి, ఈసారి లోలోపల చదువుకున్నాడు. ఫ్రిక్‌టాల్ రాష్ట్రం ఇక లేదు. దాన్ని పక్కనున్న ఆర్గావు రాష్ట్రంలో కలిపేశారు. ఆ రాష్ట్రపు రేవు అధికారి కూడా ఇక లేడు. జన్మలో తను సొంతంగా చదివిన మొదటి కాగితం తన ఉద్యోగం ఊడిందన్న కాగితం.

కాగితం మీంచి వేలు తీశాడు. తర్వాత బ్లేసి అందరికంటే ముందు తనే నవ్వాడు. గట్టు మీద కూర్చుండిపోయి, కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. "చూశారా! రాక రాక చదువొస్తే, ఏం చదవడానికొచ్చిందో!"

కోటు ఎవరూ తిరిగి అడగలేదు. ఆర్గావువాళ్ళు రేవుకి వేరే మనిషిని పంపారు, అందమైన చేతిరాత ఉన్న ఒక కుర్రాణ్ణి. బ్లేసి మళ్ళీ పడవ మీదికి వెళ్ళాడు. మొదటి ఏడాది కొంచెం కష్టంగానే ఉంది. తను ఆజ్ఞలిచ్చిన రేవులో తను ఆజ్ఞలు వినాలి. కొత్త కుర్రాడు చీటీలన్నీ నిజంగా చదివేవాడు. దానివల్ల వరస నది గట్టు దాకా పెరిగేది. జనం, "మా పాత అధికారే నయం, గొంతు విని వదిలేసేవాడు" అని గొణిగేవారు. ఆ మాట వింటే బ్లేసికి సిగ్గూ సంతోషమూ ఒకేసారి వచ్చేవి.

వాల్‌బుర్గా ఇంకో ఆరేళ్ళు బతికింది. ఆవిడను మాత్రం చివరిదాకా చీటీ అడక్కుండా, పైసా తీసుకోకుండా దాటించాడు. ఒట్టీలియా తర్వాత ఇంకో ఇద్దరు ఆవిడ చేతుల్లోనే పుట్టారు. ఇద్దరూ తల ముందు పెట్టుకునే వచ్చారు.

బ్లేసికి డెబ్బై ఏళ్ళు దాటాక ఒకనాడు ఆర్గావు రాజధాని ఆరావు పట్నం నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. పాత ఫ్రిక్‌టాల్ సంగతులు రాసుకుంటున్నాడట. ఆ రోజుల్లో ఉద్యోగం చేసినవాళ్ళలో బతికున్నవాళ్ళు తక్కువ. పడవ అంచున కూర్చుని పుస్తకం తెరిచాడు.

"తాతగారూ, సొంత రాష్ట్రం పోయిందని తెలిసిన రోజున మీ మనసులో ఏమనిపించింది?"

బ్లేసి గెడ ఆపి ఆలోచించాడు. అబద్ధం చెప్పకూడదని ఆలోచించాడు.

"ఆ వారం చిక్కుడు విత్తనాలు పెట్టాలి బాబూ. నేల ఇంకా గట్టిగానే ఉంది. అదే బెంగ."

పెద్దమనిషి కలం పట్టుకుని, ఇంకేమైనా చెబుతాడేమోనని ఎదురుచూశాడు. అవతలి గట్టు మీద ఎవరో ఒకావిడ రెండు మేకలతో నిలబడి, ఎంతసేపయ్యా అని కేకలేస్తోంది. బ్లేసి, "వస్తున్నా వస్తున్నా" అని అరిచి, గెడ నీళ్ళలోకి దింపాడు.